స్టూవర్ట్ ఐలాండ్ నడక: మీ ప్రశ్నలు, నా జవాబులు

న్యూజిలాండ్‌కి దక్షిణాన చిట్టచివర, ఫోవో జలసంధి అవతల ఉన్న స్టూవర్ట్ ఐలాండ్ గురించి పోయిన నెల నాలుగు ముక్కలు రాశాను. మావోరీలు ఆ ద్వీపాన్ని రకియూరా అంటారు. అప్పట్నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. దాదాపు 1,750 చదరపు కిలోమీటర్ల ద్వీపం, ఉండేది నాలుగైదు వందల మంది, ఓబన్ అని ఒకే ఒక ఊరు. మిగతాదంతా అడవి, ఇసుక, బురద. ద్వీపంలో 85 శాతం దాకా 2002లో నేషనల్ పార్కు అయింది. నేను అక్కడ మూడుసార్లు నడిచాను. తెలిసినంత వరకు చెప్తాను.

మేం నలుగురం ఫ్రెండ్స్‌మి. డిసెంబరు సెలవుల్లో రకియూరా ట్రాక్ నడవాలని ఉంది. శుక్రవారం ఉదయం ఓబన్‌లో దిగి, మూడు రోజులు నడిచి, ఆదివారం సాయంత్రం బోటు, రాత్రి ఇన్వర్‌కార్గిల్ నుంచి విమానం అనుకుంటున్నాం. బ్యాగు మోసిన అలవాటు ఎవరికీ లేదు. కుదురుతుందా?
— ఆక్లాండ్ నుంచి ఒక పాఠకుడు

నడక కుదురుతుంది, ఆ విమానమే కుదరదు. ట్రాక్ మొత్తం 32 కిలోమీటర్లు: లీ బే నుంచి పోర్ట్ విలియం హట్‌కి (హట్ అంటే నడిచేవాళ్లు రాత్రి పడుకునే చిన్న ఇల్లు) 8, అక్కణ్ణుంచి అడవిలో గట్టు దాటి నార్త్ ఆర్మ్ హట్‌కి 13, మూడో రోజు ఫెర్న్ గల్లీ దాకా 11. ఊళ్లోంచి లీ బేకి ఐదు, ఫెర్న్ గల్లీ నుంచి ఊళ్లోకి రెండు కిలోమీటర్ల రోడ్డు కూడా కలుపుకోండి. మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరైనా నడవగలరు. డిసెంబరులో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి చీకటి పడుతుందన్న కంగారు కూడా అక్కర్లేదు.

ఇబ్బందల్లా సముద్రంతో. దక్షిణ ద్వీపం కొసన ఉన్న బ్లఫ్ రేవు నుంచి ఓబన్‌కి బోటు గంట ప్రయాణమే, కానీ ఆ గంటలో కడుపులో పేగులన్నీ కదులుతాయి, గాలి మరీ ఎక్కువైతే బోటే కదలదు. మొదటిసారి నేనూ అచ్చం మీలాగే మధ్యాహ్నం బోటు, సాయంత్రం విమానం అని లెక్కలేసుకుని వెళ్లాను. మూడో రోజు ఊళ్లోకి వచ్చేసరికి గాలి లేచింది, ఆ రోజుకి ఇంక బోట్లు లేవన్నారు. తడిసిన బట్టలతో జెట్టీ మీద నిలబడి విమానం టికెట్టు డబ్బులు పోయినట్టే అనుకున్నాను, నిజంగానే పోయాయి. అప్పట్నుంచి ఆ ద్వీపానికి ఎప్పుడు వెళ్లినా చివర్లో ఒక రోజు ఖాళీగా పెట్టుకుంటాను. బోటు మామూలుగా నడిస్తే ఆ రోజు ఓబన్‌లోనే తిరగొచ్చు, అదేం వృథా కాదు. సోమవారం సెలవు పెట్టండి. పెట్టలేకపోతే ఈసారి మానేసి వీలు చూసుకుని వెళ్లండి, అంతే కానీ ఇరుకు ప్లాన్‌తో వెళ్లి మూడు రోజులూ టెన్షన్ పడకండి.

హట్‌లలో బంక్‌లు ముందే బుక్ చేసుకోవాలి. ఈ ట్రాక్‌కి ఏడాది పొడవునా బుకింగ్ తప్పనిసరి. ఒక్కో హట్‌లో 24 బంక్‌లే కాబట్టి సెలవుల్లో త్వరగా నిండిపోతాయి. ఇక బ్యాగు అలవాటు లేదన్నారు కదా, వెళ్లే ముందు నెల రోజులు, ఐదు కిలోల బియ్యం సంచులు రెండు బ్యాగులో వేసుకుని, వారానికి రెండుసార్లు దగ్గర్లో ఉన్న ఏ కొండకైనా ఎక్కి దిగండి. నడుము బెల్టు ఎక్కడ కట్టాలో, భుజం ఎక్కడ ఒరుసుకుపోతుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

మేం శాకాహారులం. వచ్చే ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వస్తున్నాం. పచ్చళ్లు, పొడులు తెచ్చుకోవచ్చా? హట్‌లో వంటకి ఏముంటుంది?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

ముందు ఎయిర్‌పోర్టు సంగతి చెప్తానమ్మా. న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు తినే వస్తువు ఏది ఉన్నా సరే, ఆఖరికి బ్యాగు అడుగున మర్చిపోయిన యాపిల్ అయినా సరే, ఫారంలో రాసి తీరాలి. రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. రాస్తే వాళ్లు చూసి, పంపగలిగింది పంపిస్తారు, కుదరనిది తీసేసుకుంటారు, జరిమానా ఉండదు. పచ్చి కరివేపాకు రెమ్మలు మాత్రం అసలు పెట్టుకోకండి. కొండలెక్కిన బూట్లు, టెంటు ఉంటే అవి కూడా రాయాలి. బూటు అడుగున గాళ్లలో ఉండే మట్టిని పాత టూత్‌బ్రష్షుతో ఇంటి దగ్గరే కడిగేసుకుని రండి. ఇక్కడి అడవికి బయటి మట్టితోనే రోగాలు వస్తాయి, అందుకని ఆ విషయంలో వీళ్లు చాలా గట్టిగా ఉంటారు. అలా ఉండటమే న్యాయం.

ఇక హట్‌లో. గ్యాస్ పొయ్యి ఉండదు, గిన్నెలు ఉండవు. ఉండేది చలికి వేసుకునే కట్టెల పొయ్యి, బల్లలు, ట్యాంకులో వాననీళ్లు. ఆ నీళ్లు కాచుకునే తాగండి. చిన్న స్టవ్వు, ఒక గిన్నె మీరే మోసుకెళ్లాలి. గ్యాస్ డబ్బా విమానంలో రానివ్వరు కాబట్టి ఓబన్‌లో దిగాక కొనుక్కోండి. ఇద్దరికి మూడు రోజులకి 230 గ్రాముల డబ్బా ఒకటి చాలు.

నేను చేసేది చెప్తాను. ఉప్మా రవ్వ నేతిలో కమ్మగా వేయించి, పోపు పెట్టి, ఎండిన కరివేపాకు, జీడిపప్పు, ఉప్పు అన్నీ కలిపేసి, పూర్తిగా చల్లారాక పూటకొక జిప్ కవర్లో వేసుకుంటాను. హట్‌లో నీళ్లు మరిగించి, గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల లెక్కన పోసి, కలిపి, మూత పెట్టి టోపీలోనో తువ్వాల్లోనో చుట్టి పది నిమిషాలు వదిలేస్తే గ్యాస్ ఖర్చు లేకుండా మగ్గిపోతుంది. పొద్దున్నకి అటుకులు, రాత్రికి తొందరగా ఉడికే నూడుల్సు, పైన కంది పొడి. రెండో రాత్రి నార్త్ ఆర్మ్‌లో, బయట వాన కురుస్తుంటే, పొయ్యి చుట్టూ అందరి సాక్సులూ వేలాడుతుంటే, నేను కంది పొడి డబ్బా మూత తీశాను. పక్క బల్ల మీద ఎండు ఆహారం ప్యాకెట్లు తింటున్న ఇద్దరు ముసలివాళ్లు తలెత్తి చూశారు. చెరో చెంచా పెట్టాను. తెల్లారి వెళ్లిపోతూ అదెలా చేస్తారో కాగితం మీద రాయించుకుని మరీ వెళ్లారు.

పచ్చడి గాజు సీసాలో వద్దు, గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, అది కూడా రెండు కవర్ల మధ్య. హట్‌లో చెత్తబుట్టలు ఉండవు. ఏ చెత్తయినా తిరిగి మీ బ్యాగులోనే ఊళ్లోకి రావాలి.

అక్కడ బురద మోకాళ్ల దాకా ఉంటుందని విన్నాను, నిజమేనా? ఖరీదైన వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనాలా?
— మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకుడు

మూడు రోజుల రకియూరా ట్రాక్ మీద అంత ఉండదు, చాలా దూరం చెక్కబాటలు, కంకర వేశారు, బురద ఉన్నా చీలమండ దాటదు. మోకాళ్ల దాకా అన్నది ద్వీపం పైభాగం చుట్టి వచ్చే నార్త్ వెస్ట్ సర్క్యూట్ సంగతి, అది నిజమే, కొన్నిచోట్ల దమ్ము చేసిన మడిలో దిగినట్టే ఉంటుంది. పొలం పనులు చూసినవాళ్లకి అర్థమవుతుంది: బురదలో కాలు తీసేటప్పుడు మడమ ముందు లేపాలి, బూటుని పీకడానికి గుంజితే మోకాలు పట్టేస్తుంది.

బూట్ల కోసం అంత డబ్బు పెట్టకండి. వాటర్‌ప్రూఫ్ బూటులోకి ఒకసారి పైనుంచి నీళ్లు వెళ్లాయంటే ఇంక బయటికి రావు. అలవాటైన బూట్లు, మోకాలి కింద కట్టుకునే గేటర్లు, మూడు జతల ఉన్ని సాక్సులు చాలు. ఒక జత మాత్రం హట్‌లో పడుకునేటప్పుడే వేసుకోవాలి, దాన్ని ఏం జరిగినా నడకలో వాడకూడదు. బ్యాగు పైన వేసే రెయిన్ కవర్‌ని నమ్ముకోకండి, లోపల పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి అందులో సర్దుకోండి.

ఇంకోమాట. బురద కనిపించగానే చాలామంది పక్కనున్న నాచు మీదనుంచో, చెట్ల వేళ్ల మీదనుంచో చుట్టూ తిరిగి పోతుంటారు. అలా పోయేకొద్దీ బాట వెడల్పవుతుంది, పదేళ్లకి అక్కడంతా బురదే మిగులుతుంది. దయచేసి మధ్యలోంచే నడవండి. బూట్లు హట్ గుమ్మం బయటే విప్పాలని మనకి వేరే చెప్పక్కర్లేదు.

నాకు 23 ఏళ్లు, ఇక్కడ చదువుకుంటున్నాను. సర్క్యూట్ మొత్తం ఒంటరిగా చేయాలనుంది. రోజుకి 25 కిలోమీటర్లు నడవగలను, ఐదు రోజుల్లో పూర్తి చేసేస్తా. ఏమంటారు?
— డునెడిన్ నుంచి ఒక విద్యార్థి

వద్దంటాను తమ్ముడూ, ఇప్పుడే వద్దంటాను. 125 కిలోమీటర్లకి తొమ్మిది నుంచి పదకొండు రోజులు పెట్టడం ఊరికే కాదు. అక్కడ ఒక్కో కిలోమీటరు వేళ్లు, బురద, ఎక్కడం, దిగడం. రోడ్డు మీద నీ 25 అక్కడ 12 కూడా అవ్వకపోవచ్చు. పైగా నీ టైమ్‌టేబుల్ నీ చేతిలో ఉండదు, సముద్రపు పోటు చేతిలో ఉంటుంది.

ఎలాగంటే, పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజురోజుకీ ఆ వేళ యాభై నిమిషాల దాకా వెనక్కి జరుగుతుంది. వెస్ట్ రగ్గెడీ బీచ్‌లో ఒకచోట రాళ్ల పక్కనుంచి నీళ్లు తగ్గినప్పుడే వెళ్లగలం, పోటు మీదుంటే పైనుంచి తిరిగి వెళ్లాలి. పడమటి తీరంలోని మేసన్ బే రెండు చివర్లా కూడా సముద్రం బాగా లేచిన రోజు జాగ్రత్తగా ఉండాలి. అలిసిపోయి, ఆలస్యమైపోయి, "ఒక్క పరుగులో దాటేస్తా" అనుకునే క్షణం ఉంటుంది చూడు, భయపడాల్సింది దానికే. అల ఒకటి వెనక్కి పోయింది కదా అని దిగుతాం, వచ్చేది దానికంటే పెద్దదని దిగాకే తెలుస్తుంది. వాగులు కూడా అంతే. గట్టి వాన పడితే ఫ్రెష్‌వాటర్ అనే నది దగ్గర బాట మునిగిపోతుంది, హట్‌లో కూర్చుని ఆగడమే పని. ఐదు రోజుల తిండి, ఐదు రోజుల సెలవుతో వెళ్లినవాడు అలా ఆగలేడు.

నా సలహా ఇది. ఈ వేసవికి ఇంకొకర్ని తోడు తీసుకుని వాటర్ ట్యాక్సీలో ఫ్రెష్‌వాటర్ లాండింగ్ దాకా వెళ్లు (అది కూడా పోటు చూసుకునే బయల్దేరుతుంది), అక్కణ్ణుంచి మేసన్ బేకి పదిహేనున్నర కిలోమీటర్లు, చదునైన దారి, మూడు నాలుగు గంటలు. రెండు రాత్రులుండి తిరిగి రా. పడమటి సముద్రం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. సర్క్యూట్ ఆ తర్వాత ఏడాది, పన్నెండు రోజులు పెట్టుకుని.

ఎప్పుడు వెళ్లినా సరే, ఓబన్‌లో డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ ఆఫీసుకి వెళ్లి వాతావరణం, పోటు వేళలు రాసుకో. ఆపదలో మనం ఎక్కడున్నామో తెలియజేసే ఎమర్జెన్సీ బీకన్ అద్దెకి తీసుకో, ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. ఫలానా రోజు ఫలానా గంటకి నా ఫోన్ రాకపోతే పోలీసులకి చెప్పు అని ఒకరికి రాసిచ్చి వెళ్లు. ప్రతి హట్‌లో ఒక పుస్తకం ఉంటుంది, అక్కడ పడుకోకపోయినా నీ పేరు, తర్వాత ఎటు వెళ్తున్నావో రాయి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లు మొదట తిరగేసేది ఆ పుస్తకమే.

పాములున్నాయా?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

లేవు. న్యూజిలాండ్ నేల మీదే పాముల్లేవు. కుట్టేవి సాండ్‌ఫ్లైలనే ఈగలు, చిన్నవే కానీ దురద వారం రోజులుంటుంది, నిండు చేతుల చొక్కా వేసుకోండి. బీచ్‌లో సీ లయన్ పడుకుని ఉంటే 20 మీటర్ల దూరం నుంచే తప్పుకుని వెళ్లండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. నాన్నకి మోకాళ్ల నొప్పులు. వాళ్లని ఈ ద్వీపానికి తీసుకెళ్లడం తప్పా?
— క్రైస్ట్‌చర్చ్ నుంచి ఒక పాఠకురాలు

తప్పేం కాదమ్మా, తప్పకుండా తీసుకెళ్లండి. బోటు ఎక్కే ముందు ఇద్దరికీ వాంతులు కాకుండా మాత్ర వేయించండి, వాళ్ల మందులతో కలిపి వాడొచ్చో లేదో డాక్టర్ని అడిగి. లీ బే దాకా బండిలో వెళ్లొచ్చు. అక్కడ ఒడ్డున నీళ్లలోకి దిగిపోతున్నట్టు పెద్ద ఇనప గొలుసు శిల్పం ఉంటుంది. మావోరీల కథలో దక్షిణ ద్వీపం మావుయి అనే వీరుడి పడవ, రకియూరా ఆ పడవ లంగరు రాయి. గొలుసు రెండో కొస అవతల బ్లఫ్‌లో ఉంది, రెండూ చూపించండి. అక్కణ్ణుంచి ఓపిక ఉన్నంత దూరం నడిచి వెనక్కి రావచ్చు.

మరో రోజు వాటర్ ట్యాక్సీలో ఉల్వా అనే చిన్న దీవికి. పది నిమిషాల లోపే. 1997లో ఆ దీవిలో ఎలుకల్ని పూర్తిగా తీసేశారు, అందుకే పిట్టలు మనుషులకి అంత దగ్గరగా వస్తాయి. బాటలు మెత్తగా, చదునుగా ఉంటాయి. పడవ ఎక్కేముందు బ్యాగులు, బూట్లు ఒకసారి చూసుకోండి, విత్తనం కానీ ఎలుక కానీ మన వెంట వెళ్లకూడదు.

కివీ పక్షిని నిజంగా చూడొచ్చా, లేక అది పోస్టర్ల మీది మాటేనా?
— టౌరంగా నుంచి ఒక పాఠకురాలు

చూడొచ్చు. మిగతా దేశంలో కంటే ఇక్కడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కివీ పిల్లల్ని చంపే స్టోట్లు (ముంగిసలాంటి జంతువులు) ఈ ద్వీపంలో లేవు. కుక్కల్ని నేషనల్ పార్కులోకి రానివ్వరు. ఇక్కడి కివీలని టొకోయెకా అంటారు, వాటిలో కొన్ని పగలు కూడా తిరుగుతాయి. మేసన్ బే మంచి చోటు. టార్చ్‌కి ఎర్ర కాగితం కట్టుకోండి, ఫ్లాష్ వద్దు, వెంటపడొద్దు, నిలబడి వినండి. మగదాని కూత సన్నగా, ఈల వేసినట్టు పైకి పోతుంది, ఆడదానిది గొంతు రాసినట్టు బొంగురుగా ఉంటుంది.

నాకు మొదటిసారి కనిపించింది రాత్రి కాదు, సాయంత్రం ఏడింటికి, వాన వెలిశాక. హట్ వెనక ఎత్తుగా పెరిగిన గడ్డిలోంచి ముక్కు చీదినట్టు చప్పుడు. దానికి ముక్కు రంధ్రాలు ముక్కు చివర్న ఉంటాయి, ఇసుకలో పొడిచినప్పుడల్లా మట్టి బయటికి చీదుతుంది. కోడి కంటే కాస్త పెద్దది, వెంట్రుకల్లాంటి ఈకల మీద నీటి చుక్కలు. మేం నిలబడ్డ చోటే నిలబడిపోయాం. అది మా బూట్ల దాకా వచ్చి, పక్కనే రెండుసార్లు ఇసుకలో పొడిచి చూసుకుని, మళ్లీ గడ్డిలోకి వెళ్లిపోయింది.