పార్శ్వపు నొప్పి: లోపం కాలువదా, చేనుదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. అమలాపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుణ్ణి. వయస్సు 44. పద్దెనిమిదో ఏట నుంచి నెలకు ఒకటి రెండుసార్లు పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) వస్తోంది. మొదట చూపులో ఒక మెరుపు చుక్క పుట్టి, రంపపు పళ్ళ వంటి గీతగా మారి, ఇరవై ఇరవైఅయిదు నిమిషాలలో మెల్లగా పక్కకు జరిగి మాయమవుతుంది. ఆ తరువాత ఎడమ కణతలో పోట్లు మొదలై పూట గడిచేదాకా వదలవు. మా ఊరి వైద్యుడు తలకు రక్తం చాలడం లేదంటారు. మా మేనమామ గారు రక్తం తలకెక్కి పొడుస్తోందంటారు. మా అమ్మ తలకు గుడ్డ బిగించి కట్టి, కణతలకు శొంఠి గంధం పట్టు వేస్తే కొంత ఉపశమనం కలిగే మాట నిజం. ఇంతకీ రక్తం తక్కువై ఈ జబ్బు వస్తుందా, ఎక్కువై వస్తుందా?

జవాబు: మేష్టారూ, మీ ఇంట్లో జరుగుతున్న వాదమే వైద్యశాస్త్రంలో మూడు వందల ఏళ్ళకు పైగా జరిగింది. మెదడు అడుగున రక్తనాళాలు కలుసుకునే వలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ థామస్ విల్లిస్ 17వ శతాబ్దంలోనే, ఈ నొప్పికి నాళాలు ఉబ్బడం కారణమని రాశాడు. ఆ ఊహకు ప్రయోగబలం చేకూర్చినవాడు న్యూయార్కు వైద్యుడు హెరాల్డ్ ఉల్ఫ్. ఆయనా, సహచరుడు గ్రాహమూ 1938లో రోగుల కణత ధమని కొట్టుకునే తీరును యంత్రంతో గీయించి, నాళాలను ముడిచే ఎర్గటమిన్ మందు ఇచ్చినప్పుడు ఆ కొట్టుకోవడమూ, నొప్పీ జతగా తగ్గుతున్నాయని చూపించారు. మీ అమ్మగారు బిగించే గుడ్డ కూడా ఆ ధమనినే అదుముతుంది. అందువలన నాళాలు మొదట ముడుచుకోవడం వలన మెరుపులు కనిపిస్తాయనీ, తరువాత ఉబ్బడం వలన నొప్పి పుడుతుందనీ చెప్పే సిద్ధాంతం కొన్ని దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలలో నిలిచింది. మీ వైద్యుడూ, మీ మేనమామ గారూ చెరొక సగం పట్టుకుని వాదిస్తున్నది ఈ పాత సిద్ధాంతాన్నే.

దానికి మొదటి బీట మీవంటి ఒక రోగి వలన పడింది. అమెరికా మనోవిజ్ఞానవేత్త కార్ల్ లాష్లీకి మీకు కనిపించే రంపపు గీతే కనిపించేది. ఆయన అది వచ్చినప్పుడల్లా ఎక్కడిదాకా జరిగిందో కాగితం మీద గుర్తు పెట్టుకుని, దానిని మెదడు వెనుకభాగంలోని చూపు ప్రాంతపు కొలతలతో పోల్చి, ఏదో ఒక కలత ఆ ఉపరితలం మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోందని 1941లో లెక్క కట్టాడు. మీ ఇరవై నిమిషాలను ఆ వేగంతో గుణించండి, ఆరు సెంటీమీటర్లు వస్తుంది. రక్తనాళం ముడుచుకుంటే అది మేత మేసే పశువులాగా ఇంత తీరికగా, ఇంత క్రమంగా పాకదు. ఆ వెంటనే 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో, హార్వర్డులో కుందేళ్ళ మెదడు మీద మూర్ఛరోగం గురించి పరిశోధిస్తూ, తాను వెతకనిదే కనుగొన్నాడు. మెదడు పైపొర మీద ఒకచోట గుచ్చితే నాడీకణాల విద్యుత్తు అణగిపోయి, ఆ అణగారడం నిమిషానికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున అలలా చుట్టూ వ్యాపించింది. రెండు వేగాలూ ఒకటే కావడం కాకతాళీయం కాదని రుజువు కావడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది.

ఆ రుజువు కోపెన్‌హాగెన్‌లో దొరికింది. జెస్ ఒలెసెన్ బృందం మెడ ధమనిలోకి స్వల్పంగా రేడియోధార్మికత గల జెనాన్ అనే వాయువును ఎక్కించి మెదడులోని రక్తప్రవాహాన్ని కొలుస్తుండగా, ఆ సూది వలననే కొందరికి పార్శ్వపు నొప్పి మొదలైంది. వారిలో రక్తప్రవాహం మెదడు వెనుక నుంచి ముందుకు, నిమిషానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున తగ్గుతూ రావడం 1981లో ప్రకటించారు. ఒక నాళం మూసుకుపోతే ఆ నాళం పరిధి అంతా ఒకేసారి ఎండాలి. ఇక్కడ తగ్గుదల ఏ నాళపు సరిహద్దునూ లెక్క చేయకుండా జరుగుతూ పోయింది. 1990లో అదే బృందం మరొక చిక్కుముడి విప్పింది. తలనొప్పి మొదలయ్యే సమయానికి ఆ భాగంలో రక్తం ఇంకా తక్కువగానే ఉంది, ఎక్కువగా ఉండే దశ ఆ తరువాత వచ్చి నొప్పి పోయాక కూడా కొంతమందిలో కొనసాగింది. అంటే నొప్పి రక్తం వెంబడి నడవడం లేదు.

మన డెల్టా మనిషికి ఈ మాట కాలువ భాషలో చెప్పవచ్చు. శివారు ఆయకట్టులో చేను నెర్రెలిస్తే మొదట కాలువను అనుమానిస్తాం, లస్కరు తూము తెరవలేదని తిట్టుకుంటాం. మెదడులో ఏర్పాటు వేరు. శరీర బరువులో రెండు శాతమే ఉండే ఈ అవయవానికి గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, నిమిషానికి దాదాపు 750 మిల్లీలీటర్లు పారుతుంది, కానీ ఏ మడికి ఎంత పారాలో నిర్ణయించేది ఆ మడిలోని నాడీకణాలే. పని పెరిగితే అవే నాళాన్ని తెరిపిస్తాయి, పని అణగితే ప్రవాహం తగ్గుతుంది. మెరుపు గీత వచ్చినప్పుడు ముందు కలత పుట్టినది చేనులో, కాలువలో మార్పు దాని వెంట వచ్చింది. ఉపమానం ఇంతవరకే పనికివస్తుంది, ఎందుకంటే ఆ అల దాటిన తరువాత నాళాలు కూడా కొంతసేపు తమ స్పందన తాము కోల్పోతాయి.

మరి పోటు ఎక్కడిది? మెదడుకు నొప్పి తెలియదు, దానిని కప్పిన పొరలకూ, ఆ పొరల్లోని నాళాలకూ తెలుస్తుంది. వాటికి ముఖాన్ని ఏలే త్రిధార నాడి కొమ్మలు వస్తాయి. ఆ కొమ్మలు రేగినప్పుడు సి.జి.ఆర్.పి. అనే పదార్థాన్ని వదులుతాయి. నొప్పి సమయంలో రోగుల మెడ సిరలోని రక్తంలో అది పెరుగుతుందని గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ 1990లో చూపారు. విశేషమేమంటే ఆ పదార్థం నాళాలను గట్టిగా ఉబ్బిస్తుంది కూడా, కాబట్టి ముందు గుమ్మం నుంచి పంపేసిన ఉల్ఫ్ గారు పెరటి గుమ్మం నుంచి తిరిగి వచ్చినట్లయింది. అయితే 2013లో ఒలెసెన్, అషీనాల బృందమే నొప్పితో ఉన్న 19 మంది స్త్రీల నాళాలను ఎం.ఆర్. యంత్రంతో చూస్తే, పుర్రె వెలుపలి ధమనులు ఉబ్బలేదు, లోపలివి స్వల్పంగా ఉబ్బాయి, ఈ నొప్పికి వాడే సుమాట్రిప్టాన్ అనే మందు ఇచ్చాక నొప్పి తగ్గినా లోపలి ఉబ్బు తగ్గలేదు. నాళాలను ముడవని లాస్మిడిటాన్ అనే మందు కూడా ఈ నొప్పిని తగ్గిస్తుంది. నా దృష్టిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

ఇటీవలి ముక్క ఒకటి చెప్పి ఆపుతాను. విద్యుత్తు అణగే అల మెదడు పైపొర మీద ఆడితే, దూరంగా ఉన్న త్రిధార నాడికి ఆ కబురు ఎలా చేరుతుందన్న సందేహానికి, మెదడు చుట్టూ తిరిగే ద్రవమే ఆ కబురు మోస్తుందని ఎలుకలలో చూపిన పరిశోధన 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. త్రిధార నాడి మొదలు దగ్గర, మెదడుకూ రక్తానికీ నడుమ ఉన్నట్టి అడ్డుగోడ లేకపోవడం వలన, ఆ ద్రవంలోని సి.జి.ఆర్.పి. వంటి పదార్థాలు నేరుగా నాడీకణాలను తాకుతాయట. మనుషులలో ఇది తేలవలసి ఉంది.

అమ్మగారి గుడ్డను మాత్రం మానిపించకండి. చర్మం మీద ఒత్తిడి, శొంఠి మంట కొంతమందిలో పోటును మరిపిస్తాయి. కాని ఉపశమనం కలిగింది కనుక రక్తమే కారణమని నిర్ణయానికి రావద్దు. నొప్పి మొదలైన తొలి గంటలోనే వైద్యుడు చెప్పిన మాత్ర తగు మోతాదులో వేసుకోవడం మేలు. గుండె జబ్బు, అదుపులేని రక్తపోటు ఉన్నవారికి సుమాట్రిప్టాన్ పనికిరాదు, ఆ రెండూ మీకు లేవని ముందు నిర్ధారించుకోండి.

ప్రశ్న: భీమవరం దగ్గర మా అత్తవారి ఊరు. నాకు 29 ఏళ్ళు. నొప్పికి ముందు ఎడమచేతి వేళ్ళు మొద్దుబారి, పావుగంటలో ఆ మొద్దుదనం మోచేతిదాకా పాకి, పెదవి మూలకు చేరుతుంది. పక్షవాతమేమోనని ఎమ్మారై తీయిస్తే అంతా బాగున్నదన్నారు. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళు నాది వట్టి నీలుగుడు అంటున్నారు. రక్తప్రసరణలో తేడా ఉంటే స్కానులో కనబడాలి కదా? రెండేళ్ళుగా కుటుంబ నియంత్రణ మాత్రలు వాడుతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఫొటో తీసిన రోజున కలత లేదు, అందుకే కనబడలేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఫొటో తీసి వరద ఆనవాలు వెతికినట్టు ఉంటుంది ఇది. అలను నడుస్తుండగా పట్టుకోవడం పరిశోధకులకే కష్టం. బోస్టన్‌లో హజిఖానీ బృందానికి, బాస్కెట్‌బాల్ ఆడితే మెరుపులు వచ్చే ఒకాయన దొరికాడు. ఆయనను ఆడించి, తీసుకువచ్చి యంత్రంలో పడుకోబెట్టి, చూపు ప్రాంతంలో రక్తంలోని ప్రాణవాయువు సూచన నిమిషానికి 3.5 మిల్లీమీటర్ల వేగంతో పాకడాన్ని 2001లో చూపించారు. మామూలు ఎమ్మారై గడ్డలు, రక్తస్రావం వంటి ఇతర ప్రమాదాలు లేవని చెప్పడానికే. మీ నొప్పి అబద్ధమని అది ఎన్నడూ చెప్పదు, ఈ సంగతి మీ అత్తగారికి చదివి వినిపించండి.

పక్షవాతం సాధారణంగా ఒక్కసారిగా వచ్చి పడుతుంది, మీ మొద్దుదనంలాగా వేలి నుంచి పెదవికి పావుగంట ప్రయాణం చేయదు. అయినా ఎప్పుడైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఇది పాత నొప్పేనని ఇంట్లో కూర్చోవద్దు. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది.

ఇక మీరు చివరి వాక్యంలో రాసిన విషయమే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. మొద్దుబారడం, మెరుపులు వంటి ముందస్తు లక్షణాలతో వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవారికి మెదడులో రక్తనాళం పూడే ముప్పు ఇతరులకన్నా సుమారు రెండింతలు. మీ వయస్సులో ఆ ముప్పు అసలే అత్యల్పం కనుక రెండింతలైనా చిన్నదే, కాని ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు దానిని మరింత పెంచుతాయి. మాలా-ఎన్, మాలా-డి వంటివి ఆ కోవవే. మీ వంటివారికి అవి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం స్పష్టంగా చెబుతోంది. ఈ వారంలోనే స్త్రీల వైద్యురాలిని కలిసి, కాపర్-టి వంటి ఇంకొక పద్ధతికి మారండి.

ప్రశ్న: రావులపాలెంలో కొబ్బరికాయల వ్యాపారం. పూతరేకులు తిన్న మర్నాడు తప్పకుండా తలనొప్పి వస్తోంది. తీపి రక్తాన్ని వేడి చేస్తుందంటారు, నిజమేనా? నెలలో ఇరవై రోజులు మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను.

జవాబు: పూతరేకులను నిందించే ముందు ఒకటి గమనించండి. ఆ రోజున తీపి మీద అంత యావ ఎందుకు పుట్టింది? హాంబర్గులో షుల్టే, మే ఒక రోగికి ముప్పై రోజులపాటు రోజూ మెదడు స్కాన్ తీస్తే, నొప్పికి ముందటి 24 గంటలలో హైపోథలామస్ అనే చిన్న భాగం చురుకుదనం మారింది. ఆకలి, నిద్ర, దాహం ఏలేది ఆ భాగమే. నొప్పి అప్పటికే బయలుదేరి తీపి అడిగించిందేమో, దానిని తెచ్చినది తీపి కాకపోవచ్చు. విపరీతంగా ఆవులింతలు రావడం, మెడ పట్టేయడం కూడా చాలామందిలో ఈ దశలోనివే. రక్తం వేడెక్కడమన్నది ఈ వివరంలో ఎక్కడా లేదు.

మీ ఇరవై రోజుల మాత్రలే నాకు భయం కలిగించే సంగతి. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లు గానీ, రెండు మూడు మందులు కలిపిన కలగలుపు మాత్రలు గానీ పది రోజులు మించి మూడు నెలలు దాటితే, మందే తలనొప్పిని నిలబెడుతుంది. ఒక నోటుబుక్కులో నొప్పి రోజు, మాత్ర రోజు, ఆవులింతలు వచ్చిన రోజు వేరువేరు గళ్ళలో రాసి, రెండు నెలల తరువాత నరాల వైద్యునికి చూపండి. ఆయన మాత్రలు తగ్గించి, నొప్పి రాకుండా రోజూ వేసుకునే వేరొక మందు మొదలుపెట్టవచ్చు. మొదటి రెండు వారాలు నొప్పి ఎక్కువయ్యే అవకాశం ఉంది కనుక, లోడింగులు తక్కువగా ఉండే రోజులు చూసుకుని ఆ పనికి పూనుకోండి.