నాలుగు నెలలైనా మా పాప ఇంకా ‘న్యూ అడ్మిషనే’

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లెటూరు. మావారికి బాలానగర్‌లో పని దొరికితే జూన్‌లో కూకట్‌పల్లి వచ్చేశాం. పాపను ఏడో తరగతిలో ఇంగ్లిష్ మీడియంలో చేర్చాం. ఊళ్లో క్లాస్ లీడర్‌గా ఉన్న పిల్ల ఇక్కడ నోరు తెరవడం లేదు. ‘ఏంది’, ‘గట్లనే’ అంటే వెక్కిరిస్తున్నారట, టీచర్లు ఇప్పటికీ ‘న్యూ అడ్మిషన్’ అనే పిలుస్తారట. బతుకమ్మ పేర్చిన రోజు తప్ప నవ్వుతూ ఇంటికొచ్చింది లేదు. దసరాకు ఊరెళ్లి తిరిగొస్తుంటే దారి పొడవునా ఏడ్చింది. సోమవారం వస్తే కడుపునొప్పి, డాక్టర్ ఏమీ లేదన్నారు. మావారు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌కు పంపుదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కడుపునొప్పి సంగతి. అది నాటకం కాదు. దిగులు పిల్లల్లో నిజంగానే కడుపునొప్పిగా బయటపడుతుంది, కాబట్టి ‘బడి ఎగ్గొట్టడానికి వేషాలు’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అలాగని ఇంట్లో కూర్చోబెట్టకండి, మానేసిన కొద్దీ మళ్లీ వెళ్లడం కష్టమవుతుంది.

మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన బతుకమ్మ దగ్గరే నేను ఆగిపోయాను. ఆ రోజు పాప ఎందుకు నవ్వుతూ వచ్చింది? ఆ ఒక్కరోజులో ఇంగ్లిష్ వచ్చేయలేదు కదా. తంగేడు ఎక్కడ పెట్టాలో, గునుగు వరుస ఎలా తిప్పాలో తనకు తెలుసు, మిగతా పిల్లలు తనను అడిగి ఉంటారు. అంటే ఆ రోజు క్లాసుకు మీ పాపతో పని పడింది. మిగతా రోజుల్లో తను ఉన్నా లేకపోయినా అక్కడ ఏదీ ఆగదు, అది పన్నెండేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది. అందుకే స్పోకెన్ ఇంగ్లిష్ ఇప్పుడే వద్దంటున్నాను. నేర్చుకోవాల్సిందే, నేర్చుకుంటుంది కూడా, కానీ ఈ సమయంలో పంపితే ‘లోపం నీలోనే ఉంది’ అని మనం కూడా అన్నట్టవుతుంది.

క్లాసుకు ఒక పిల్లతో పని పడితే ఏమవుతుందో చూడండి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, అంతవరకూ వేరువేరు బడుల్లో చదివిన తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలను ఒకే క్లాసులో కలిపితే గొడవలయ్యాయి. అప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్ పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇప్పించారు. ఎవరి ముక్క వాళ్లు చదివి మిగతావాళ్లకు చెప్పాలి, పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. ఒక గ్రూపులో ఇంగ్లిష్ తడబడే మెక్సికన్ కుర్రాడుంటే మొదట వెక్కిరించారు. వాడి దగ్గరున్న ముక్క తెలియకపోతే తమ మార్కులే పోతాయని అర్థమయ్యాక, అదే పిల్లలు ఓపిగ్గా ప్రశ్నలు వేసి మరీ చెప్పించుకున్నారు.

క్లాస్ టీచర్‌ను విడిగా కలవండి, పేరెంట్స్ మీటింగ్ గుంపులో వద్దు. ఫిర్యాదులా కాకుండా బతుకమ్మ రోజు గురించి చెప్పి మొదలుపెట్టండి. పాపను పేరుతో పిలవమనండి, నాలుగు నెలల తర్వాత కూడా ఒక పిల్లకు క్లాసులో పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. గ్రూప్ ప్రాజెక్టులో తన భాగం లేకపోతే పని పూర్తికాని విధంగా ఏదైనా అప్పగించమనండి. వెక్కిరించేవాళ్లతో టీచర్ విడిగా మాట్లాడాలి, పాపను లేపి ‘ఎవరో చూపించు’ అంటే మాత్రం ఇంకా ముడుచుకుపోతుంది.

ఇంట్లో మీ యాస మార్చుకోకండి. మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో ఊరి నుంచి వచ్చి కుదురుకున్న టెన్త్ అమ్మాయి ఉంటే, కొత్తలో తనకెలా ఉండేదో పాపకు చెప్పించండి. మనం చెప్తే ఓదార్పు అనుకుంటారు, అక్క చెప్తే నమ్ముతారు. వాల్టన్, కోహెన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, ‘మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది, తర్వాత పోతుంది’ అన్న సీనియర్ల అనుభవాలు కాలేజీ మొదటి ఏడాదిలో చదివిన నల్లజాతి విద్యార్థుల మార్కులు మూడేళ్లపాటు మెరుగయ్యాయి.

తిండి, నిద్ర తగ్గినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ రాత్రి ఒక్కటి అడగండి, చదువు గురించి కాదు. బతుకమ్మ పేరుస్తుంటే పక్కన కూర్చుని పూలు అందించిన అమ్మాయి ఎవరో కనుక్కోండి. ఆదివారం ఆ పిల్లను ఇంటికి పిలిచి, ఇద్దరికీ వేడిగా జొన్నరొట్టెలు చేసి పెట్టండి.