అన్నీ తేలే చోట గ్రావిటీ కొలిచేదెలా?

ప్రశ్న: స్పేస్ స్టేషన్లో బరువే ఉండదు కదా, మరి నాసా వాళ్లు అక్కడ ఆటమ్స్‌ని చల్లబరిచి గ్రావిటీ కొలుస్తామంటున్నారు, లేనిదాన్ని ఎట్లా కొలుస్తారు? దాంతో మా చేలో బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుందా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అక్కడ గ్రావిటీ లేకపోవడమేమీ లేదండీ, 400 కిలోమీటర్ల పైన కూడా మన దగ్గరున్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది, కాకపోతే స్టేషనూ మనుషులూ అంతా కలిసి భూమి చుట్టూ పడిపోతూనే ఉంటారు కాబట్టి తేలుతున్నట్టుంటుంది. మీ అనుమానంలో మాత్రం పాయింటుంది. అన్నీ ఒకేలా పడుతుంటే లోపలుండి గ్రావిటీ ఎంతో చెప్పలేం. అందుకే రెండు ఆటమ్ గుంపుల్ని కాస్త ఎడంగా పెట్టి, ఒకటి రెండోదానికంటే ఎంత ఎక్కువ లాగబడుతోందో ఆ తేడా చూస్తారు.

గాలి లేని చిన్న గదిలో రుబీడియం అనే లోహం ఆటమ్స్‌ని అన్ని వైపుల నుంచీ లేజర్లతో నెట్టి వేగం తగ్గిస్తారు, వేగం తగ్గడమంటేనే చల్లబడటం. తర్వాత మూడు లేజర్ పల్సులు: మొదటిదానికి ఒక్కో ఆటమ్ ఒకేసారి రెండు దార్లలో వెళ్తుంది (ఆటమ్స్ లాంటి అతి చిన్నవాటి క్వాంటమ్ లోకంలో ఇది నిజంగానే జరుగుతుంది), రెండోది ఆ దార్లని మళ్లీ దగ్గరికి తిప్పుతుంది, మూడోది కలిపేస్తుంది. చివర్లో ఎన్ని ఆటమ్స్ ఏ స్థితిలో ఉన్నాయో లెక్కేస్తే లాగుడు ఎంతో తెలిసిపోతుంది. పల్సుల మధ్య టైమ్ రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగింతలవుతుంది, కానీ భూమ్మీద ఒక్క సెకన్లో ఆటమ్స్ దాదాపు 5 మీటర్లు కిందికి పడిపోతాయి, అంతరిక్షంలో ఆ ఇబ్బంది లేదు, అసలు లాభమంతా అక్కడే.

2018లో స్టేషన్‌కి వెళ్లిన కోల్డ్ ఆటమ్ ల్యాబ్‌లో ఈ పద్ధతితో స్టేషన్ వణుకునే కొలిచారు, 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గ్రావిటీ తేడాలు కొలిచే ఇలాంటి పరికరాన్ని శాటిలైట్‌లో పంపాలన్నది నాసా ప్లాన్, 2025లో చెప్పారు.

ఇక బోరు సంగతి. భూమిలో నీళ్లు తగ్గితే అక్కడి లాగుడూ కాస్త తగ్గుతుంది. 2002లో వెళ్లిన గ్రేస్ జంట శాటిలైట్లు ఆటమ్స్ లేకుండానే, వాటి మధ్య దూరంలో మార్పు కొలిచి, వాయవ్య భారతంలో భూగర్భ జలం తగ్గిపోతోందని పట్టిచ్చాయి. కానీ వాటికి కనిపించేది వందల కిలోమీటర్ల మేర మొత్తం లెక్కే. ఆటమ్ సెన్సార్లు వచ్చాక ఆ మ్యాపు ఇంకా మెరుగవ్వచ్చు, అప్పటికీ ఒక్క చేను విడిగా కనిపించదు. కాబట్టి శాటిలైట్‌తో గ్రావిటీ చూసి బోర్ పాయింట్ చెప్తామని ఎవరైనా వస్తే డబ్బులివ్వకండి, జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీటి జాడ చూసేది) చేయించుకోండి.