బ్రిటన్‌లో రెండో స్పీడింగ్ నోటీసు: టెస్ట్ పాసై 14 నెలలు, ఇప్పటికే 3 పెనాల్టీ పాయింట్లు ఉన్నాయి, లైసెన్స్ పోతుందా?

పోవచ్చు. టెస్ట్ పాసై 14 నెలలే అన్నారు కదా, మిగతా డ్రైవర్లకు లాగా 12 పాయింట్ల దాకా ఆగరు. మొదటి రెండేళ్లలో 6 పడితే డీవీఎల్ఏ (అక్కడి లైసెన్సుల సంస్థ) లైసెన్స్ రద్దు చేస్తుంది.

రెండేళ్లు దాటేదాకా కేసు సాగదీస్తే లాభం లేదు. చూసేది తప్పు జరిగిన తేదీ, పాయింట్లు ఎక్కిన తేదీ కాదు.

1. డ్రైవర్ ఎవరో చెప్పమన్న ఫారం 28 రోజుల్లోపు పంపండి. చాలామంది పక్కన పడేసేది దీన్నే. పంపకపోతే దానికే విడిగా 6 పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా ఫైన్.
2. ఫారం అందాకే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఆఫర్ వస్తుంది, వస్తే. 100 పౌండ్ల ఫైన్ కట్టేస్తే 3 పాయింట్లు ఒప్పుకున్నట్టే. కోర్సు పూర్తిచేస్తే అవి పడవు. గత మూడేళ్లలో ఒకసారి చేసుంటే మళ్లీ ఇవ్వరు.
3. రద్దయితే మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్), థియరీ, ప్రాక్టికల్ టెస్టులు. పాత పాయింట్లు అలాగే ఉంటాయి. ఇండియా లైసెన్స్ చూపించి నడపొద్దు, బ్రిటన్‌లో స్థిరపడిన ఏడాదికే అక్కడ దానితో నడిపే గడువు తీరిపోయింది.