జపాన్ పిల్లలకు పుట్టుకతోనే ఓపిక ఎక్కువా?

కాదు, పిల్లలు దేనికోసం ఆగగలరన్నది చాలావరకు ఇంట్లో రోజూ దేనికోసం ఆగడం అలవాటైందో దాన్ని బట్టి ఉంటుంది. ఒకే సందర్భంలో మళ్లీ మళ్లీ ఆగితే అది అలవాటుగా మారుతుంది, ఇక మనసును బలవంతంగా బిగపట్టాల్సిన అవసరం తగ్గుతుంది. వినాయక చవితి రోజు ఉండ్రాళ్లు కళ్ల ముందే ఆవిరి కక్కుతున్నా నైవేద్యం అయ్యేదాకా చెయ్యి పెట్టని హైదరాబాద్ పిల్ల, ఫోన్ కోసం రెండు నిమిషాలు ఆగలేకపోవచ్చు.

2022లో వచ్చిన ఒక పరిశోధనలో జపాన్‌లోని క్యోటో, అమెరికాలోని బౌల్డర్ నగరాల పిల్లల్ని ఇలాగే పరీక్షించారు: ఇప్పుడైతే ఒకటి, ఆగితే రెండు. తినే మిఠాయి ముందు జపాన్ పిల్లలు ఎక్కువసేపు ఆగారు, ఎందుకంటే అక్కడ అందరికీ వడ్డించాకే తినడం మొదలుపెడతారు. అదే ప్యాక్ చేసిన బహుమతి పెడితే కథ తిరగబడింది, అమెరికా పిల్లలే ఎక్కువసేపు ఆగారు. వాళ్లకు క్రిస్మస్ చెట్టు కింద పెట్టిన బహుమతులు పండగ దాకా విప్పకుండా ఉండటం అలవాటు కదా!

చాలామంది పొరబడేది ఇక్కడే, ఒక్క మిఠాయి పరీక్షతో పిల్లాడి భవిష్యత్తు తేలిపోతుందని టెన్షన్ పడతారు. 2018లో ఎక్కువ మంది పిల్లలతో మళ్లీ చూస్తే, కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక, మిఠాయి ముందు ఆగడానికీ పిల్లల భవిష్యత్తుకీ మధ్య ముందు కనిపించిన సంబంధం బాగా పలచబడిపోయింది.