డాక్టర్ సలహా: పిల్లికి డ్రై ఫుడ్ ఒక్కటే పెడితే ఇబ్బందా?

ప్రశ్న: మా మగపిల్లికి నాలుగేళ్లు, బరువు ఆరున్నర కిలోలు. డ్రై ఫుడ్ తప్ప ఏదీ ముట్టదు. దానివల్ల కిడ్నీలు పాడవుతాయా? పళ్లకు మంచిదంటారు, నిజమేనా? నిన్నటి నుంచి లిట్టర్ బాక్సులో ముక్కుతూ కూర్చుంటోంది. మలబద్ధకమనుకుని ఆముదం పట్టాం. ఒళ్లు వెచ్చగా ఉంది, పారాసిటమాల్ సగం మాత్ర వేయవచ్చా? - ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దాం. మగపిల్లి పదేపదే లిట్టర్ బాక్సులో ముక్కుతున్నదంటే అది మలబద్ధకమే కావచ్చు గానీ, పరీక్షించకుండా అలా తేల్చడానికి వీల్లేదు. మగపిల్లుల మూత్రనాళం బాగా సన్నగా ఉంటుంది కనుక స్ఫటికాలో జిగురు పదార్థమో అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. అలా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె లయ తప్పి ప్రాణాపాయం ఏర్పడుతుంది. లిట్టర్ బాక్సు ఇసుకలో మూత్రపు తడి గడ్డలు కనిపించినా సరే, ఈ రోజే పశువైద్యునికి చూపించండి. దగ్గరలో క్లినిక్ లేకపోతే, వేళలు కనుక్కుని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికైనా తీసుకువెళ్లండి.

పారాసిటమాల్ సగం కాదు, పావు మాత్ర కూడా వేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరుతుంది, ఒక్క మాత్రతోనే చనిపోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే వేసి ఉంటే ఎంత వేశారో, ఎప్పుడు వేశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆముదమూ అంతే, పెనుగులాటలో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఇంట్లో మందుల డబ్బా ఉన్నంత మాత్రాన పిల్లికి వైద్యం చేయవచ్చని చదువుకున్నవారు కూడా అనుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక డ్రై ఫుడ్. అందులో తేమ సుమారు పది శాతం, డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో డెబ్బై అయిదు శాతానికి పైనే. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి కనుక దాహం తక్కువ, ఆ లోటును నీళ్లు తాగి పూర్తిగా పూడ్చుకోవు. డ్రై ఫుడ్ కిడ్నీలను పాడు చేస్తుందని రుజువు కాలేదు గానీ, మూత్ర సమస్యలు, అధిక బరువు ఉన్న పిల్లులకు తడి ఆహారం కలిపి పెట్టడమే సాధారణంగా మేలు. మామూలు డ్రై ఫుడ్ పళ్లను పెద్దగా శుభ్రం చేయదు. అలాగని ఒక్కసారిగా మాన్పించి పస్తు ఉంచకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. పెరుగన్నానికీ మార్చకండి, పిల్లికి తప్పనిసరైన టౌరిన్ అనే పోషకం అందులో సరిపోదు. ఏ ఆహారం పెట్టాలో మూత్ర పరీక్ష అయ్యాకే నిర్ణయించాలి. మూత్రంలోని స్ఫటికాల్లో స్ట్రువైట్ రకం ప్రత్యేక ఆహారంతో కరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ రకం కరగదు.