మగకుక్కకు రక్తం చుక్కలు పడుతున్నయ్, ఏం చేయాలె?

ప్రశ్న: డాక్టర్ సార్, మాది పరకాల దగ్గర పల్లె. మా కుక్కకు నాలుగేండ్లు, రాత్రి గొలుసు ఇప్పితే ఊరంతా తిరిగొస్తది. నెల సంది మూత్రం పోసే కాడ రక్తం చుక్కలు పడుతున్నయ్, ఊకె నాక్కుంటాంది. మూత్రంల ఇన్ఫెక్షన్ అని మెడికల్ షాపాయన గోళీలిచ్చిండు, తక్కువ కాలే. ఇంట్ల చిన్నపిల్లలున్నరు, దాన్ని ఎక్కడన్న ఇడిసిపెట్టమంటాండ్రు. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు

జవాబు: విడిచిపెట్టకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు ముందు అనుమానం వచ్చేది టీవీటీ, అంటే కలయికతో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే గడ్డ. ప్రోస్టేట్ వాపు, మూత్రంలో రాళ్లు, దెబ్బ, వీటివల్ల కూడా రక్తం రావొచ్చు కాబట్టి చూడకుండా ఖాయంగా చెప్పలేను. టీవీటీ అయితే, మూత్రం పోసే కాడి చర్మాన్ని డాక్టర్ వెనక్కి జరిపి చూస్తే గోబీ పువ్వులాగ ఎర్రటి గడ్డ కనిపిస్తది, దానిమీద స్లైడ్ అద్ది మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోతది. మీరే ఇంట్లో జరిపి చూడకండి, నొప్పికి కరుస్తది.

ఇది విచిత్రమైన జబ్బు, ఇక్కడ వైరస్ ఏం లేదు, క్యాన్సర్ కణాలే కుక్క నుంచి కుక్కకు పోయి అక్కడ పెరుగుతయ్. 1876లోనే నోవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు ఒక కుక్క గడ్డ ముక్కను ఇంకో కుక్కకు పెట్టి చూపించిండు. వాసన చూసినా నాకినా ముక్కుకు, నోటికి కూడా రావొచ్చు. మనుషులకు మాత్రం రాదు, పిల్లల గురించి ఆ భయం వద్దు.

క్యాన్సర్ అనగానే గుండె జారిపోతది గానీ చాలా కుక్కలకు పూర్తిగా నయమైతది. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్ వారానికొకటి, నాలుగు నుంచి ఆరు వారాలు, రక్తనాళంలోకే ఇయ్యాలె. పక్కకు కారితే అక్కడి కండ కుళ్లిపోతది, అందుకే ఊళ్లో తెలిసినాయనతో ఇంటికాడ పొడిపించుకోవద్దు. తెల్లకణాలు తగ్గుతయ్ కాబట్టి మధ్యమధ్యలో రక్తపరీక్ష చేస్తరు, తక్కువుంటే ఆ వారం ఆపుతరు. వాంతులు, తిండి మానేయడం ఉండొచ్చు. ఇంజెక్షన్ అయినంక కొన్ని రోజులు మందు ఒంట్లోంచి బయటికొస్తుంటది కాబట్టి దాని మూత్రం, వాంతి గ్లౌజులు వేసుకొనే కడగండి, పిల్లల్ని అటు రానియ్యకండి.

రెండో ఇంజెక్షన్‌కే రక్తం ఆగి గడ్డ కరుగుతుంటే చాలామంది ఇగ రారు, నాకు కోపం తెప్పించేది అదే, మిగిలింది మళ్లీ పెరుగుతది. ఒక్క ఆపరేషన్‌తో కోసి తీయించినా తిరగబెట్టే అవకాశముంది. వరంగల్ దగ్గర మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడగండి. నయమయ్యేదాక గొలుసు ఇప్పకండి, తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి.